మాసూళ్లలో తుపాను వస్తే: కొత్త ఐటీ వ్యవస్థకు నిర్వహణ అవసరాలు రాసే పద్ధతి

ప్రభుత్వ శాఖయినా, సహకార సంఘమైనా కొత్త సాఫ్ట్‌వేర్ కావాలనుకుంటే ముందుగా ఒక పత్రం తయారవుతుంది. అందులో ఎక్కువ పేజీలు ఆ సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలన్న దానికే పోతాయి. రైతు వివరాలు నమోదు చేయాలి, తూకం ఎక్కించాలి, రసీదు ఇవ్వాలి, నివేదికలు చూపించాలి. ఈ పనులన్నీ ఏ పరిస్థితుల్లో, ఎవరి చేతుల మీదుగా, ఎంత వేగంగా జరగాలి? కరెంటు పోతే ఏం చేయాలి? పొరపాటు దొర్లితే ఎవరు సరిదిద్దాలి? వీటి సంగతి మాత్రం చివర్లో ఒకటి రెండు వాక్యాలతో సరిపెడతారు. ‘24 గంటలూ పనిచేయాలి’, ‘వేగంగా స్పందించాలి’, ‘వాడటానికి సులువుగా ఉండాలి’ అని రాసి సంతకాలు పెట్టేస్తారు.

ఈ రెండో రకం వాటినే నిర్వహణ అవసరాలు అంటారు. మొదటి రకంలో ఏదైనా మర్చిపోతే తర్వాత కలుపుకోవచ్చు. ఒక నివేదిక లేకపోతే నెల రోజుల్లో తయారుచేసి ఇస్తారు. నిర్వహణ అవసరాల్లో పొరపాటు జరిగితే వ్యవస్థ పునాదినే మార్చాల్సి వస్తుంది. నెట్ లేకుండా కూడా పనిచేయాలన్న మాట సాఫ్ట్‌వేర్ అంతా తయారయ్యాక గుర్తొస్తే, దాన్ని పైన అతికించడం కుదరదు. మళ్లీ మొదటి నుంచి రాయాలి.

గోదావరి డెల్టాలో ధాన్యం కొనుగోలును తీసుకుని చూస్తే ఈ విషయం బాగా అర్థమవుతుంది. ఇక్కడ ఈ పనిలో ప్రాథమిక సహకార సంఘాలు ఉన్నాయి, రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి, మిల్లులు, లారీలు, బస్తాలు మోసే ముఠా కార్మికులు ఉన్నారు. దేశవ్యాప్తంగా సుమారు 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటరీకరించే పథకానికి కేంద్రం 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. అంటే సొసైటీ స్థాయిలో కొత్త సాఫ్ట్‌వేర్ రావడం ఇక మామూలు విషయం. వచ్చేది ఎక్కడ నిలబడాలి, ఏ రోజున నిలబడాలి అన్నది ముందే తేల్చుకోవాలి. డెల్టాకు సంబంధించినంత వరకు దీనికి జవాబు ఒకటే: పని అన్నింటికన్నా ఎక్కువగా ఉండే రోజూ, కరెంటూ సిగ్నలూ అన్నింటికన్నా బలహీనంగా ఉండే రోజూ ఇక్కడ ఒకటే. నిర్వహణ అవసరాలన్నీ ఆ రోజును ముందు పెట్టుకుని రాయాలి.

రద్దీ ఎక్కడి నుంచి వస్తుంది

ధవళేశ్వరం దగ్గర కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటికి వచ్చింది. దాని కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి పది లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. కాలువకు నీళ్లు వదిలే తేదీని బట్టే నారుమళ్లు, నాట్లు, కోతలు. ఒక కాలువ కింది ఊళ్లన్నీ ఇంచుమించు ఒకే వరుసలో నడుస్తాయి కాబట్టి మాసూళ్లు, అంటే పంట కోసి నూర్చే రోజులు, కూడా మూకుమ్మడిగానే వస్తాయి.

చేత్తో కోసే రోజుల్లో ఈ రద్దీకి కొంత విడుపు ఉండేది. కోసిన పనలు చేలో ఆరేవి, కుప్ప వేసేవాళ్లు, కూలీలు దొరికినప్పుడు నూర్చుకునేవాళ్లు. ధాన్యం అమ్మకానికి రావడానికి వారాలు పట్టేది. యంత్రం వచ్చాక పొద్దున చేలో ఉన్న పంట సాయంత్రానికి రోడ్డు మీద రాశిగా ఉంటోంది. అదీ పచ్చి ధాన్యం. మద్దతు ధరకు కొనాలంటే తేమ 17 శాతానికి మించకూడదు. యంత్రం కోసిన గింజలో నెమ్ము అంతకన్నా బాగా ఎక్కువ ఉంటుంది. ఆరబెట్టడానికి కళ్లం లేనివాళ్లు ఏటిగట్టు మీదా, పుంత రోడ్ల మీదా బరకాలు పరుస్తారు. ఆరిన గింజ ఆ రోజే కాటా ఎక్కకపోతే రాత్రి మంచుకు మళ్లీ నెమ్ముతుంది.

కొత్త వ్యవస్థకు సామర్థ్యం లెక్కవేసేవాళ్లు ఈ సంగతి తెలియకపోతే సీజన్ మొత్తాన్ని రోజులతో భాగించి సగటు తీస్తారు. ఒక ఊహాజనిత కేంద్రాన్ని తీసుకుందాం. దాని కింద 1,200 ఎకరాలు, ఎకరాకు 40 బస్తాలు. డెల్టా బస్తా 75 కిలోలు కాబట్టి ఎకరాకు 30 క్వింటాళ్లు, మొత్తం 36,000 క్వింటాళ్లు. కొనుగోలు 25 రోజులు జరిగితే సగటున రోజుకు 1,440 క్వింటాళ్లు. ఒక్కో రైతు రెండెకరాల పంట తెస్తాడనుకుంటే రోజుకు 24 మంది. ఒక్కొక్కరి నమోదుకు పది నిమిషాలు పట్టినా నాలుగు గంటల్లో పని ముగుస్తుంది. కాగితం మీద అంతా బాగానే ఉంది.

ఇప్పుడు బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వచ్చిందనుకుందాం. కోయగలిగిన వాళ్లందరూ కోసేస్తారు, అమ్మగలిగిన వాళ్లందరూ కేంద్రానికి వస్తారు. సగం పంట నాలుగు రోజుల్లో వస్తే రోజుకు 4,500 క్వింటాళ్లు, 75 మంది రైతులు. అదే పది నిమిషాల చొప్పున పన్నెండున్నర గంటలు పడుతుంది. నమోదు ఆరు నిమిషాల్లో ముగిసేలా ఉంటే ఏడున్నర గంటల్లో అయిపోతుంది. మామూలు రోజున ఎవరికీ పట్టని ఆ నాలుగు నిమిషాల తేడా, ఆ రోజున కొందరి ధాన్యం మిల్లుకు చేరుతుందా, రోడ్డు మీదే తడుస్తుందా అన్నది తేలుస్తుంది. అందుకే ‘వేగంగా స్పందించాలి’ అన్న మాటకు విలువ లేదు. ‘ఒక ఆపరేటరు, ఒక ఫోనుతో, గంటకు పది మంది రైతుల నమోదును వరుసగా ఎనిమిది గంటలు చేయగలగాలి’ అని రాస్తే దానికి విలువ ఉంది. దాన్ని పరీక్షించి అవునో కాదో చెప్పవచ్చు.

ఈ లెక్కను ఒక్క కేంద్రంతో ఆపకూడదు. వాయుగుండం వార్త ఒక్క ఊరికే రాదు. డెల్టా ఉన్న ఐదు జిల్లాల కేంద్రాలన్నీ ఒకేసారి సర్వరు మీద పడతాయి. సగటు రోజు కన్నా మూడు నాలుగు రెట్ల బరువును కేంద్ర సర్వరు మోయగలగాలన్నది కూడా ఇక్కడే తేలాలి.

బరువు, వైఫల్యం కలిసే వస్తాయి

సాధారణంగా టెండరు పత్రాల్లో రద్దీ గురించి ఒక చోట, అంతరాయాల గురించి మరో చోట రాస్తారు. రెండింటికీ సంబంధం లేనట్టు లెక్కలు వేస్తారు. ఏ బ్యాంకుకో, టికెట్ల అమ్మకానికో అది సరిపోవచ్చు. డెల్టాలో అది తప్పు లెక్క. సార్వా (ఖరీఫ్) కోతలు అక్టోబరు ఆఖరు నుంచి డిసెంబరు దాకా సాగుతాయి. బంగాళాఖాతంలో తుపాన్ల కాలం కూడా అదే. కోనసీమను అతలాకుతలం చేసిన తుపాను 1996 నవంబరు 6న వచ్చింది. మిగ్‌జాం 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గోదావరి జిల్లాల్లో కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి, కళ్లాల్లో ధాన్యం రాశులున్నాయి. రద్దీకి కారణమైన గాలివానే స్తంభాలనూ పడగొడుతుంది. సెల్ టవర్లకు కరెంటు ఆగిపోతే బ్యాటరీ, డీజిలు ఉన్నంతసేపే సిగ్నల్ ఉంటుంది.

గాలివాన ఒక్కటే కారణం కానక్కర్లేదు. 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తర్వాత కోనసీమలో వారానికి పైగా మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగులు సిగ్నల్ కోసం గోదావరి గట్ల మీదికి వెళ్లి కూర్చున్నారు. అలాంటి వారం దాళ్వా (రబీ) ధాన్యం కొనుగోలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో వస్తే ఏమిటన్న ప్రశ్న ఇక్కడి ఏ వ్యవస్థకైనా ముందుగా వేయాల్సిందే.

నెట్ లేకున్నా పనిచేయాలని రాయడం సులువు. అందులో దాగిన నిర్ణయాలను ఒక్కొక్కటిగా బయటికి తీయడమే కష్టం. తేమ శాతం, బస్తాల లెక్క, తూకం ఫోనులోనే నమోదై ఉండవచ్చు. రైతు వేలిముద్రను ఆధార్‌తో సరిచూడటానికి మాత్రం నెట్ తప్పనిసరి. కాబట్టి నెట్ లేని రోజున వేలిముద్ర లేకుండానే ధాన్యం తీసుకుంటారా? తీసుకుంటే ఆ రైతు ఎన్ని గంటల్లోగా మళ్లీ వచ్చి వేలిముద్ర వేయాలి? రాకపోతే డబ్బు ఆగిపోతుందా? ఒకే రైతు పేరుతో రెండు కేంద్రాల్లో ధాన్యం నమోదై, నెట్ వచ్చాక రెండూ సర్వరుకు చేరితే దేన్ని ఉంచుతారు? పరిమితి కన్నా ఎక్కువ కొన్నట్టు అప్పుడు తేలితే ఆ భారం ఎవరిది? ఇవేవీ ప్రోగ్రామరు తేల్చగలిగినవి కావు. పౌరసరఫరాల అధికారులు, సహకార శాఖ అధికారులు కూర్చుని తేల్చాలి. వాళ్లు తేల్చకపోతే కోడ్ రాసే కుర్రాడే తనకు తోచినట్టు తేలుస్తాడు. అతను తీసుకున్న నిర్ణయం ఏమిటో నవంబరులో కేంద్రం దగ్గర గొడవ అయ్యేదాకా ఎవరికీ తెలియదు.

సాంకేతికంగా చేయాల్సినవీ కొన్ని ఉన్నాయి. ప్రతి ఫోనుకూ విడి సంఖ్యల వరుస ఉండాలి, అప్పుడే నెట్ లేనప్పుడు ఇచ్చిన రసీదు నంబరు మరో చోట ఇచ్చిన దానితో కలిసిపోదు. నెట్ వచ్చాక ఎంతసేపట్లో సర్వరుకు చేరాలో చెప్పాలి. ఫోను నీళ్లలో పడితే అందులోని నమోదులు ఏమవుతాయో ఆలోచించాలి. వానాకాలం కేంద్రంలో ఇది జరగని పని కాదు. రైతు చేతికి కాగితం రసీదు ఇస్తే, పోయిన నమోదును తిరిగి రాసుకోవడానికి ఆధారం దొరుకుతుంది.

ఫోనూ లేక, కరెంటూ లేని రోజుకు కూడా ఒక పద్ధతి ఉండాలి. వరుస నంబర్లు అచ్చువేసిన కార్బన్ రసీదు పుస్తకం ప్రతి కేంద్రంలో ఉండాలి. దాన్ని తెరవమని ఎవరు చెప్పాలి, తర్వాత ఎన్ని రోజుల్లోగా కంప్యూటరులో ఎక్కించాలి, ఎక్కించేటప్పుడు రెండో మనిషి సరిచూడాలా అన్నవి రాసి ఉంచాలి. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక పాత పుస్తకాలు ఎందుకని తీసేసే చోట ఈ మాట గట్టిగా చెప్పాలి.

లండన్ అంబులెన్స్ సర్వీసు 1992 అక్టోబరు 26న కంప్యూటరు ద్వారా వాహనాలను పంపే కొత్త వ్యవస్థకు మారింది. ఏ అంబులెన్సు ఎక్కడుందో, ఖాళీగా ఉందో లేదో తనకు ఎప్పుడూ కచ్చితంగా తెలుస్తుందన్న నమ్మకం మీద ఆ వ్యవస్థ నడిచేది. రేడియో అందని చోట్లా, సిబ్బంది బటన్లు సరైన వరుసలో నొక్కని చోట్లా ఆ సమాచారం తప్పయ్యింది. ఒకే చోటికి రెండు వాహనాలు వెళ్లడం, కొన్ని చోట్లకు ఒక్కటీ వెళ్లకపోవడం మొదలైంది. అంబులెన్సు రాకపోయేసరికి జనం మళ్లీ మళ్లీ ఫోన్లు చేశారు. ఆ ఫోన్లతో బరువు పెరిగి వ్యవస్థ ఇంకా నెమ్మదించింది. నవంబరు 4 తెల్లవారుజామున అది పూర్తిగా ఆగిపోయింది, సిబ్బంది తిరిగి కాగితాలకు వెళ్లారు. ఇందులో మన కేంద్రాలకు పనికొచ్చే విషయం ఏమిటంటే, వ్యవస్థ నెమ్మదించడం కూడా కొత్త రద్దీని పుట్టిస్తుంది. పేరు నమోదైందో లేదో తెలియని రైతు మరోసారి నమోదు చేయించుకుంటాడు, పక్క కేంద్రానికి వెళ్తాడు, హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తాడు. కాబట్టి ‘మీ ధాన్యం నమోదైంది, డబ్బు వివరాలు రేపు తెలుస్తాయి’ అన్న సమాచారం రైతుకు వెంటనే అందడం కూడా నిర్వహణ అవసరాల్లో భాగమే.

ధవళేశ్వరం నేర్పే పద్ధతి

పరిస్థితి మారితే పని తీరు ఎలా మారాలో ముందే రాసి ఉంచడం డెల్టాకు కొత్తేమీ కాదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. అప్పటికి సముద్రంలోకి వదిలేది పది లక్షల క్యూసెక్కులు. 13.75 అడుగుల దగ్గర, 13 లక్షల క్యూసెక్కులకు రెండోది. 17.75 అడుగుల దగ్గర, 17 లక్షలకు మూడోది. హెచ్చరిక స్థాయి వినగానే ఏ లంకకు పడవలు పంపాలో, ఏ ఊరిని ఖాళీ చేయించాలో యంత్రాంగానికీ, జనానికీ అంచనా ఉంటుంది. పరిస్థితి చూసి అప్పటికప్పుడు ఆలోచించుకుందాం అని ఎవరూ అనరు. 1986లో దాదాపు 35 లక్షల క్యూసెక్కుల వరదను చూసిన ప్రాంతం ఇది.

ఐటీ వ్యవస్థకు కూడా ఇలాగే స్థాయిలు రాయాలి. మామూలు రోజున అన్ని తనిఖీలూ జరుగుతాయి. సర్వరు జవాబు ఇవ్వడానికి ముప్పై సెకన్లు దాటితే ఫోను తనంతట తానే నెట్ లేని పద్ధతిలోకి మారుతుంది. వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక ఇస్తే నివేదికలు, గణాంకాల తయారీ వంటి పనులు ఆగి, సర్వరు బలమంతా నమోదుకే వెళ్తుంది. ప్రభుత్వం ప్రకటిస్తే తేమ పరిమితిలో సడలింపు అమల్లోకి వస్తుంది. ప్రతి స్థాయికీ మూడు సంగతులు తేలాలి: ఏ గుర్తు కనబడితే మారాలి, ఎవరు మార్చాలి, తిరిగి మామూలుకు ఎప్పుడు రావాలి. మూడోదాన్ని మర్చిపోతుంటారు. అత్యవసర పద్ధతి నెలల తరబడి అలాగే కొనసాగితే తనిఖీలు లేని కొనుగోళ్లకు దారి తెరిచినట్టవుతుంది.

ఇక్కడే కొన్నింటిని వదులుకోవడం కూడా నేర్చుకోవాలి. కలెక్టరేటులో తెర మీద క్షణక్షణానికీ మారే అంకెలు కావాలని చాలా పత్రాల్లో రాస్తారు. ఆ అంకెలు గంట ఆలస్యమైనా ఏ రైతుకూ నష్టం లేదు. రసీదు గంట ఆలస్యమైతే లారీ కదలదు, ముఠా వాళ్లు మరో కేంద్రానికి వెళ్లిపోతారు. డబ్బు, శ్రమ ఎక్కడ పెట్టాలో దీన్నిబట్టి తేలుతుంది. అన్నీ ముఖ్యమే అని రాసిన పత్రంలో చివరికి పైఅధికారి చూసేవే ముఖ్యమవుతాయి.

ఎవరు వాడతారు

సీజనులో కేంద్రం దగ్గర ఫోను పట్టుకునేది శాశ్వత ఉద్యోగి కాకపోవచ్చు. రెండు నెలల కోసం పెట్టుకున్న ఆపరేటరు కావచ్చు. అతనికి మూడు రోజుల శిక్షణ ఉంటుందని అనుకుని తయారుచేసిన తెరలు పనికిరావు. అరగంట చూపిస్తే పని మొదలుపెట్టగలగాలి. తెర తెలుగులో ఉండాలి, ఎండలో కనబడాలి, తడి చేతితో నొక్కినా పనిచేయాలి.

కొలమానం దగ్గరా జాగ్రత్త అవసరం. మద్దతు ధర క్వింటాలుకు ప్రకటిస్తారు. 2025-26కి సాధారణ రకం 2,369 రూపాయలు, ఎ గ్రేడు 2,389. రైతు లెక్క మాత్రం 75 కిలోల బస్తా మీద ఉంటుంది. సాధారణ రకానికి అది 1,776 రూపాయల 75 పైసలు. గోనె సంచిలో నింపేది మళ్లీ వేరే బరువు. తెర మీదా రసీదు మీదా క్వింటాళ్లు ఒక్కటే చూపిస్తే రైతు అక్కడికక్కడ సరిచూసుకోలేడు, ఆపరేటరు మాట నమ్మాల్సి వస్తుంది. క్వింటాళ్లూ బస్తాలూ రెండూ చూపించడం చిన్న పనే. దానివల్ల పొరపాటు కాటా దగ్గరే బయటపడుతుంది, మిల్లు దాకా వెళ్లదు.

వీటన్నిటికన్నా చిక్కైనది కౌలు. డెల్టాలో చేలు చాలావరకు కౌలు రైతుల చేతుల్లోనే ఉన్నాయి. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం 11 నెలలకు చెల్లే కార్డు ఇస్తారు. దానికి భూ యజమాని అంగీకారం కావాలి. చాలామంది యజమానులు సంతకం పెట్టడానికి జంకుతారు. అలాంటప్పుడు ఈ-క్రాపులో (ప్రభుత్వ పంట నమోదులో) యజమాని పేరే ఉంటే, ధాన్యం తెచ్చింది ఒకరు, డబ్బు పడే ఖాతా మరొకరిది అవుతుంది. యజమాని హైదరాబాదులో ఉంటే ఓటీపీ అతని ఫోనుకు వెళ్తుంది. కళ్లం దగ్గర నిలబడ్డ కౌలు రైతు అతను ఫోన్ ఎత్తేదాకా ఎదురుచూడాలి. వ్యవస్థను గీసేవాళ్లు ‘రైతు’ అని ఒకే పెట్టె గీస్తే ఈ ఇద్దరూ అందులో కలిసిపోతారు. సాగు చేసేవారు, భూమి ఉన్నవారు, ధాన్యం తెచ్చినవారు, డబ్బు అందుకునేవారు అని నలుగురిని విడివిడిగా పెట్టి, వీళ్లు ఒకరే అయినా వేర్వేరైనా పని నడిచేలా రాయాలి. కార్డు లేని కౌలుదారు సమస్య సాఫ్ట్‌వేర్‌తో తీరదు, అది చట్టం చూసుకోవాల్సింది. అయితే ఉన్న చిక్కును సాఫ్ట్‌వేర్ ఇంకా పెంచకూడదు.

వేలిముద్రలది ఇంకో తీరు. ఏళ్ల తరబడి నాట్లు వేసి, గడ్డి మోసిన చేతుల్లో గీతలు అరిగిపోతాయి. వేలిముద్ర పడకపోతే కనుపాప, అదీ కాకపోతే ఓటీపీ, అదీ కుదరకపోతే అధికారి ధ్రువీకరణ అన్న వరుసను ముందే రాసుకోవాలి. ‘వేలిముద్ర తప్పనిసరి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ముసలివాళ్లు వెనక్కి తిరిగిపోతారు.

అంకెలను ఎక్కడ కొలవాలి

99.5 శాతం లభ్యత, అంటే అంత సమయం వ్యవస్థ పనిచేస్తూ ఉండాలి, అని రాసినప్పుడు వినడానికి బాగుంటుంది. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి 43.8 గంటలు ఆగిపోయినా సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీ మాట తప్పినట్టు కాదు. ఆ 43 గంటలూ తుపానుకు ముందు రెండు రోజుల్లోనే వచ్చినా లెక్క సరిపోతుంది, జరిమానా ఉండదు. 99.9 శాతం అంటే 8.76 గంటలు. అదీ ఒక్క రోజులో రావచ్చు. ఏడాది సగటు డెల్టాకు అక్కరకు రాదు. సార్వా, దాళ్వా కొనుగోలు నెలల్లో, ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా, ఏ రోజుకారోజు లెక్కగట్టాలి. ఒక్క రోజులో అరగంట కన్నా ఎక్కువ ఆగితే దానికి జవాబు చెప్పాలి. మిగిలిన నెలల్లో ఇంత గట్టి నిబంధన అక్కర్లేదు, దానివల్ల ఖర్చూ తగ్గుతుంది.

కొలిచే చోటు కూడా రాయాలి. డేటా సెంటరులో సర్వరు బాగానే నడుస్తోందని కంపెనీ లెక్క చూపిస్తుంది. కేంద్రంలో ఫోను తెర మీద మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆపరేటరు బటను నొక్కిన క్షణం నుంచి జవాబు కనబడే క్షణం దాకా పట్టిన సమయాన్ని ఫోనే నమోదు చేసి పంపాలి. ఈ ఒక్క వాక్యం ఒప్పందంలో ఉంటే ‘మా తప్పు కాదు, నెట్‌వర్క్ తప్పు’ అన్న వాదన చాలావరకు తగ్గుతుంది. ఏ భాగంలో ఎంతసేపు పట్టిందో అంకెలే చెబుతాయి.

వ్యవస్థ పడిపోతే ఎంతసేపట్లో లేవాలి, లేచాక ఎంతసేపటి నమోదులు పోయినా పర్వాలేదు అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. తూకం నమోదుల్లో ఒక్కటి కూడా పోకూడదు, ఎందుకంటే బస్తాలు అప్పటికే లారీ ఎక్కి ఉంటాయి, మళ్లీ తూచలేరు. చెల్లింపుల భాగం నాలుగు గంటలు ఆలస్యమైనా సర్దుకోవచ్చు. వీటికి ఒకే అంకె పెడితే డబ్బు అనవసరమైన చోట ఖర్చవుతుంది.

భద్రత గురించి చెప్పాల్సింది తక్కువే, అందులో చాలావరకు నియమాలే చెబుతున్నాయి. సైబర్ దాడి లాంటిది జరిగితే ఆరు గంటల్లోగా తెలియజేయాలని, లాగ్‌లను, అంటే వ్యవస్థలో ఏమేం జరిగిందో చూపే చిట్టాలను, 180 రోజులు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. వ్యక్తిగత డేటాకు 2023 చట్టం ఉంది. ధాన్యం కొనుగోలుకు ప్రత్యేకంగా కావాల్సింది, తేమ శాతం, తూకం ఒకసారి నమోదయ్యాక ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో చెరగకుండా ఉండటం. కేంద్రంలో 17 అని రాసిన ధాన్యాన్ని మిల్లులో 20 అని కోత పెడితే, రెండు కొలతలూ పక్కపక్కనే ఉండాలి. రైతుకు ఆ రెండూ కనబడాలి.

మారుతూ ఉండేవి

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. డెల్టా అప్పటిదాకా ప్రధానంగా రెండు గోదావరి జిల్లాల్లో ఉండేది. ఆ తర్వాత కోనసీమ, కాకినాడ, తూర్పుగోదావరి, ఏలూరు, పశ్చిమగోదావరి అయ్యాయి. భీమవరం జిల్లా కేంద్రమైంది, అమలాపురం జిల్లా కేంద్రమైంది. జిల్లా కోడ్‌ను రైతు నంబరులో, రసీదు నంబరులో, మిల్లు నంబరులో ఇరికించిన వ్యవస్థలకు ఇలాంటి మార్పు పెద్ద తలనొప్పి. మార్పు మళ్లీ రాదని ఎవరూ చెప్పలేరు. మద్దతు ధర ఏటా మారుతుంది, తేమ సడలింపు వస్తుంది పోతుంది, కేంద్రాలకు మిల్లుల కేటాయింపు సీజను మధ్యలోనే మారుతుంది.

ఇలా మారేవన్నీ శాఖ సిబ్బందే, కోడ్ జోలికి పోకుండా, తేదీతో సహా మార్చుకోగలగాలి. తేదీ ఎందుకంటే, నిన్న కొన్న ధాన్యానికి నిన్నటి నియమమే వర్తించాలి. సడలింపు ఈ రోజు వచ్చిందని నిన్న తిరస్కరించిన రాశులు వాటంతటవే ఒప్పుకున్నట్టు కాకూడదు. వెనక్కి వర్తించాలని ప్రభుత్వం చెబితే అది ప్రత్యేకంగా, ఆర్డరు నంబరుతో జరగాలి.

పత్రం రాసే ముందు

ఇవన్నీ సమావేశం గదిలో కూర్చుంటే తట్టవు. శాఖాధిపతులు పద్ధతి ఎలా ఉండాలో చెబుతారు. అది నిజంగా ఎలా జరుగుతోందో తెలిసింది ముఠా మేస్త్రికి, లారీ డ్రైవరుకి, మిల్లు గుమస్తాకి, రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుడికి. అవసరాలు రాసేవాళ్లు ఒక దాళ్వా సీజనంతా రెండు మూడు కేంద్రాల దగ్గర ఉండి చూడాలి. అందులో ఒకటి జిల్లా కేంద్రానికి దగ్గరగా, మరొకటి సముద్రం వైపు, సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఉండాలి. లారీ మిల్లు దగ్గర ఎన్ని గంటలు ఆగింది, ఎందుకు ఆగింది, గోనె సంచులు అయిపోయినప్పుడు ఎవరికి ఫోన్ చేశారు, తేమ మీటరు రెండుసార్లు రెండు అంకెలు చూపిస్తే ఏది రాశారు అన్నవి రాసుకోవాలి. అలా చూసినవాళ్లకు, చాలా కేంద్రాల్లో అసలు సమాచారం వాట్సాప్ గ్రూపులో నడుస్తోందని తెలుస్తుంది. కొత్త వ్యవస్థ ఆ గ్రూపు చేసే పని చేయకపోతే గ్రూపు అలాగే ఉంటుంది, వ్యవస్థలోకి సాయంత్రం పూట లెక్కలు ఎక్కుతాయి.

రాసిన ప్రతి అవసరం పక్కనా దాన్ని అడిగినవారి హోదా, దాన్ని పరీక్షించే తీరు ఉండాలి. పరీక్ష కూడా కంపెనీ ఆఫీసులో కాకుండా కేంద్రంలోనే జరగాలి. ఫోనులో నెట్ ఆపేసి రెండు గంటల పాటు నమోదు చేయించి, మళ్లీ నెట్ వచ్చాక ఏ రసీదూ పోలేదని లెక్క చూడాలి. ఫోనును మధ్యలో ఆపేసి చూడాలి. ఒకే రైతును రెండు కేంద్రాల్లో కావాలనే నమోదు చేసి చూడాలి. కొత్త ఆపరేటరుకు అరగంట చూపించి వదిలేసి, అతను ఎక్కడ ఆగిపోయాడో చూడాలి.

మొదలుపెట్టే సీజను ఎంచుకోవడం కూడా ఇందులో భాగమే. దాళ్వా మాసూళ్లు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. అకాల వర్షాలు ఉన్నా, సార్వాకు ఉన్నంత తుపాను భయం అప్పుడు తక్కువ. కాబట్టి తొలిసారి కొన్ని మండలాల్లో దాళ్వాకు, పాత పద్ధతిని పక్కన నడుపుతూనే మొదలుపెట్టాలి. అక్కడ బయటపడ్డ లోపాలను సెప్టెంబరు ఆఖరులోగా సరిచేసుకోవాలి. అక్టోబరు నుంచి జనవరి దాకా, ఆగిపోయిన దాన్ని లేపడానికి తప్ప, సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పూ చేయకూడదని ఒప్పందంలో ఉండాలి. కంపెనీకి ఇవ్వాల్సిన చివరి వాయిదా ఒక పూర్తి సార్వా గడిచి, చివరి రైతుకు డబ్బు పడ్డాకే ఇవ్వాలి. ఆ నాలుగు నెలలూ కంపెనీ మనుషులు ఇద్దరు భీమవరంలోనో, అమలాపురంలోనో ఉండి, తెలుగులో ఫోన్ ఎత్తాలి.